రెండో తూటా

నెల్లూరు ట్రంకురోడ్డులో మిద్దె మీద దుకాణం.
మెట్లెక్కేసరికి లైసెన్సు కాయితం
చొక్కా జేబులో చెమటకి మెత్తబడింది.
ఎనిమిది తడవలు తిరిగితే చేతికొచ్చిన కాయితం.
కుర్రోడు నల్లదాన్ని ముందర పెట్టినాడు,
గుడ్డ పరిచి, పెళ్లి నగ చూపించినట్టు.
"పది తూటాలు మామా. నొక్కతా ఉండడమే.
అదే తోసుకుంటది, అదే నింపుకుంటది."
చేతిలోకి తీసుకున్నా.
బరువే లేదు.
నీళ్లు లేని ప్లాస్టిక్ బిందె మాదిరి.

"అదీ" అన్నా, గోడ మూలకి చూపించి.
నవ్వినాడు. "అదా? మా నాయన కాలంది.
ఒకటి కాల్చి, బోల్టు లాగి, ఇంకోటి పెట్టి,
మళ్లీ నెట్టి... ఆలోపు నీ పంది
కలిగిరి దాటి పోద్ది.
పైగా పాయింట్ టూటూ. దోమ కుట్టినట్టుంటది దానికి."
కుట్టనీ.
చంపాలని ఎవురన్నారు?
వెలిగొండ దిగువన మూడెకరాల వేరుశనగ.
డబ్బా కొడితే చెవులు కూడా ఎత్తవు,
టపాకాయలకి ఏనాడో అలవాటు పడినాయి.
గాలిలోకి ఒక్క మోత చాలు నాకు.

వాడికి చెప్పింది అంతవరకే.
చెప్పనిది, మాల్యాద్రి మోకాలు.

ఆ ఏడు సజ్జ కంకి పాలు పోసుకుంటా ఉంది.
బావమరిది తుపాకి, ఇట్టాంటిదే, నల్లది.
మంచె మీద నేను, కింద చీకటి,
చీకట్లో ఇంకొంచెం నల్లగా ఏదో కదిలింది,
వంగి, ఆగి, మళ్లీ వంగి.
నొక్కినా.
"అన్నా! నేనూ..."
చెవికి వినపడింది.
వేలికి వినపడేసరికి
రెండోది పోయింది. మూడోది కూడా.

కంబళి కప్పుకుని
తప్పిపోయిన గొర్రెపిల్లని వెతుక్కుంటా వచ్చినాడు.
మొదటిది తగల్లేదు. మూడోదీ తగల్లేదు.

కేసు పెట్టలేదు. పెట్టుంటే తేలికయ్యేది.
"చీకటి గదన్నా" అన్నాడు ఆసుపత్రి మంచం మీద,
నాకే ధైర్యం చెప్తా.
పంతొమ్మిదేళ్లుగా నా గెనెం మీదనే
గొర్రెలు తోలుకుపోతా ఉన్నాడు,
ఒక కాలు మామూలుగా,
ఒక కాలు నేలని అడిగి అడిగి.

కొన్నా. మూలనున్నదే.
బిల్లు రాస్తా కుర్రోడు నా మీద జాలిపడినాడు.

పిడి చీలుంది. ఉదయగిరిలో
గరిటెలు చెక్కే జిలానీబీ కాడికి తీసుకుపోయినా.
మొదట ముట్టుకోనంది.
"దీంతో ఎవుర్ని?"
"ఎవుర్నీ కాదు."
చానాసేపు నా మొహం చూసి,
నర్ది ముక్క తెచ్చి అతికి, అరం పట్టి,
ఉప్పుకాయితంతో రుద్ది,
అలవాటు చేతికి తెలియకనే
చివర్న చిన్న పువ్వు చెక్కేసింది,
గరిటె కాడకి చెక్కినట్టు.
నాలిక కరుచుకుని, చెరిపేస్తానంది.
ఉండనీ అన్నా.

ఇప్పుడు మంచె మీద ఒకటి పేలినాక
బోల్టు పైకెత్తాల, వెనక్కి లాగాల.
ఉత్త గుల్ల ఎగిరి చెక్క మీద టంగుమంటది.
జేబులో ముందు బీడీలు తగులుతాయి,
తర్వాత అగ్గిపెట్టె, ఆ తర్వాత తూటా.
చలికి వేళ్లు మాట వినవు.
పెట్టాల, నెట్టాల, కిందికి వంచాల.
ఈలోపు చీకట్లో ఒక మనిషి
ఇంటిపేరుతో సహా
తానెవురో చెప్పుకోవచ్చు.

నిన్న రాత్రి మాల్యాద్రి మంచె కింద నిలబడి
దగ్గినాడు, రెండుసార్లు, కావాలని.
వాడు ఎక్కలేడు గనక నేనే దిగినా.
తుపాకి చేతికిచ్చినా.
బోల్టు లాగినాడు, నెట్టినాడు, మళ్లీ లాగినాడు.
"తలుపు గొళ్లెం మాదిరుందే" అన్నాడు.
పువ్వు మీద బొటనవేలు పెట్టి
కాసేపు అట్టనే ఉంచినాడు.
తర్వాత బీడీ అడిగినాడు.

అవతల శనగలో పందులు పడినట్టున్నాయి,
కాయ కొరికే చప్పుడు వినపడతానే ఉంది.
ఇద్దర్లో ఎవురం లేవలా.